శుక్రవారం నీళ్లు

కరంజపాడాకు నల్లా నీళ్లు వచ్చిన రోజు కనకవ్వ ఏడ్చింది.

ఏడ్చే రకం కాదు ఆమె. గల్లీలో ఏ జగడమైనా సరే, కనకవ్వ కొంగు తీసి నడుముకు చుట్టిందంటే సగం తీర్పు అయిపోయినట్టే. అవతలి వాళ్లు మెల్లగా తలుపులు వేసుకునేవారు. అలాంటి మనిషిని, వయసులో పెద్దదని, మొదటి నల్లా తిప్పడానికి పిలిచారు. పంచాయతీ వాళ్లు కొబ్బరికాయ కొట్టారు. నీళ్ల కమిటీలో ఉన్న యమునాబాయి ఆమె చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి నల్లా మీద పెట్టింది. ముందు బుస్సుమని గాలి వచ్చింది, ఆ వెనక ఎర్రమట్టి నీళ్లు, ఆ వెనక తెల్లటి నీళ్లు. ఆ తెల్లటి నీళ్లు చూసి కనకవ్వ కొంగు నోట్లో కుక్కుకుని అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎందుకేడ్చిందో గల్లీలో అందరికీ తెలుసు.

భివండిలో కామత్‌ఘర్ నుంచి షేర్ ఆటో ఎక్కితే పావుగంటలో కరంజపాడా. ఒకప్పుడు వరి పొలాల మధ్య చిన్న పల్లె. కామత్‌ఘర్‌లో కరెంటు మగ్గాలకు జాగా చాలక కార్ఖానాలు ఇటు జరిగాయి, వాటి వెంట మనుషులూ జరిగారు. నాలుగు గల్లీల చాళ్లు, ఒంటిగది ఇళ్ల వరసలు, లేచాయి. పట్టణంలో కలవలేదు కాబట్టి పట్టణం నీళ్లు రావు, పల్లె బావి ఇంత జనానికి చాలదు. రెంటికీ చెడ్డ రేవడి బతుకు. నాలుగో గల్లీ తెలుగు గల్లీ. పద్నాలుగు ఖోలీలు, అంటే పద్నాలుగు గదులు, అందరూ జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి వచ్చి మగ్గాల మీద కూలికి పడ్డవాళ్లే. ఆడవాళ్లు రోడ్డు దాటి అవతలి బావికి పోయి, నెత్తిన రెండు హండాలు, చంకన ఒకటి పెట్టుకుని తెచ్చేవారు.

రెండేళ్ల కింద అట్లా తెస్తూనే కనకవ్వ కోడలు అనురాధ బావి గట్టు మీద జారి పడింది. అప్పటికి ఐదో నెల. హండాలు సొట్టలు పోయాయి, కడుపు పోయింది. సొట్ట పోయిన హండాలను కనకవ్వ కొడుకు అంకుశం సుత్తితో కొట్టి సాపు చేశాడు. పోయిన కడుపుకు ఎవరి దగ్గరా సుత్తి లేదు. అనురాధ ఏడాది పాటు ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు.

అందుకే కనకవ్వ నల్లా పట్టుకుని ఏడ్చింది. ఆ నీళ్లు రెండేళ్లు ముందు వచ్చి ఉంటే ఆమె చంకలో ఇప్పుడు హండా ఉండేది కాదు, మనవడో మనవరాలో ఉండేది.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. మూడు నెలలు తిరిగేసరికి నల్లా సంగతీ అట్లాగే అయింది. నీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు దాకా వస్తాయి. గుట్ట మీది ట్యాంకు నుంచి బయలుదేరి, ముందు గల్లీలన్నీ నింపుకుని, తెలుగు గల్లీకి చేరేసరికి సన్నటి ధార మిగులుతుంది. ఎండాకాలం వచ్చాక ఆ ధార కూడా దారమంత అయింది. అప్పటికి అనురాధకు మళ్లీ మూడో నెల.

కనకవ్వ గుండెలో రాయి పడింది. ఒకరోజు కొడుకు డ్యూటీ దిగి వచ్చి చెప్పులు విప్పకముందే పట్టుకుంది.

"ఏదన్న చెయ్‌రా అంకుశం. ఒక్క హండ నిండెతందుకు గంట పడుతున్నది. ఆ పిల్లను మల్ల బాయి కాడికి తోలమంటవా?"

అంకుశం రాజమౌళి సేటు కార్ఖానాలో మగ్గాలు బాగుచేసే మిస్త్రీ. ఆగిపోయిన మగ్గాన్ని చెవి పెట్టి విని ఏ చక్రం పన్ను అరిగిందో చెప్పగలడు. సేటు పాత ఇనుప సామానులో పడేసిన పాత మగ్గం మోటరు ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. దానికి చిన్న పంపు తగిలించి, పైపు ముక్కతో నేరుగా నల్లాకే బిగించాడు. మర్నాడు పొద్దున ఆరింటికి స్విచ్చు వేశాడు. మోటరు గుర్రుమంది. నీళ్లు ఎగిరి వచ్చి హండా అంచు దాటి గడప మీద పడ్డాయి. అనురాధ చానాళ్లకు నవ్వింది. కనకవ్వకు కొడుకు మీద ఎంత గర్వం కలిగిందో, ఆ రోజంతా గల్లీలో కనపడ్డ ప్రతి మనిషినీ ఆపి మరీ చెప్పింది.

చెప్పకపోయినా తెలిసేదే. పక్క ఖోలీల నల్లాల్లో గాలి తప్ప నీళ్లు రాలేదు. ఒకరోజు కోపం చేసుకున్నారు. రెండో రోజు అంకుశం దగ్గరికే వచ్చారు. మనోడే గదా, మాకూ ఒకటి పెట్టు అన్నారు. మగ్గాల ఊళ్లో పాత మోటర్లకు కరువా? నెల తిరిగేసరికి పద్నాలుగు ఖోలీల్లో పదమూడింటికి మోటర్లు కూర్చున్నాయి. పొద్దున ఆరయితే చాలు, కార్ఖానా గల్లీలోకే వచ్చినంత మోత. అంకుశం ఏ గడప ముందు నుంచి పోయినా, ఛాయ్ తాగి పొమ్మని పిలిచేవాళ్లే.

మోటరు లేని పద్నాలుగో ఖోలీ ఆగమ్మది. గల్లీ చివరన ఉంటుంది. ఆగమ్మ ముసలిది, మొగుడు పోయాడు, కూతురూ పోయింది. ఇద్దరు మనవరాళ్లను పెట్టుకుని నూలు కండెలు చుట్టుకుని బతుకుతుంది. గల్లీలో ఏ బిడ్డ పుట్టినా మొదటి నీళ్లు పోసేది ఆమే. కాళ్లు చాచుకుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని, ఒక చేత్తో నూనె రాస్తూ ఒక చేత్తో నీళ్లు పోస్తుంటే ఎంత గుక్క పెట్టే బిడ్డయినా ఊరుకునేది. అంకుశానికి నీళ్లు పోసిందీ ఆమే.

పదమూడు మోటర్లు గుంజుతుంటే చివరి నల్లాకు ఏం మిగులుతుంది? ఒకనాడు ఆగమ్మ ఖాళీ హండా పట్టుకుని కనకవ్వ గడప ముందుకు వచ్చింది.

"కనకవ్వా, జరసేపు మీ మోటరు బంద్ పెట్టరాదే. రెండు హండలు పట్టుకుంట."

"మేం బంద్ పెడ్తె నీ దాక వస్తయా వదినె? పక్కోడు గుంజుకుంటడు. అందరు పెట్టుకున్నరు, నువ్వు సుత ఒకటి పెట్టుకో. మావోడు ఊకెనే బిగిస్తడు."

"మోటరు నడువాల్నంటె కరెంటు మీటరు ఉండాలె గద. నాకు ఒక్క బల్బే ఇచ్చిండు ఖోలీ ఆయన."

"అయితె నేనేం చెయ్యాలె చెప్పు?"

అన్న మాటలో అబద్ధం ఏమీ లేదు. అబద్ధం లేని మాటలే ఒక్కోసారి ఎక్కువ కోస్తాయి. ఆగమ్మ ఆమె ముఖంలోకి ఒకసారి చూసి వెనక్కి తిరిగింది. ఆ రోజు నుంచి ఆమె కనకవ్వతో మాట్లాడలేదు. కనకవ్వ కూడా పోనీలే అనుకుంది. కడుపుతో ఉన్న కోడలు ఇంట్లో ఉంటే లోకమంతా ఎట్లా పోయినా పరవాలేదనిపిస్తుంది మనిషికి. ప్రేమకు కూడా ఒక గుడ్డితనం ఉంటుంది మరి.

వానలు పడ్డాయి. భివండిలో వాన అంటే మాటలా! గట్టర్లు నిండి గల్లీల్లోకి వచ్చాయి, గల్లీలు నిండి గడపల్లోకి వచ్చాయి. పాడా మొత్తానికీ కలిపి ఉన్న సండాసుల, అంటే మరుగుదొడ్ల, వరస వెనక మురుగు హౌజు పొంగి గట్టర్‌లో కలిసింది. ప్రతి వానాకాలం జరిగేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

శ్రావణంలో కామెర్లు మొదలయ్యాయి. ముందు నర్సింగం కొడుక్కి. తర్వాత ఎదురు ఖోలీలో అన్నదమ్ములకు. ఆ తర్వాత లెక్క తప్పింది. కొందరు కామత్‌ఘర్ పోయి ఆకు పసరు పోయించుకున్నారు, కొందరు చేతికి తాయెత్తు కట్టించుకున్నారు. పచ్చబడ్డ కళ్లతోనే మగవాళ్లు మగ్గాల మీదికి పోయారు.

భాద్రపదంలో ఒకరోజు అనురాధ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. వాసన పడటం లేదంది. ఏడో నెలలో ఏం వాసన పడకపోవడం! కనకవ్వ కోడల్ని వాకిట్లో వెలుతురులోకి తీసుకొచ్చి కింది రెప్ప లాగి చూసింది. పసుపు కొమ్ము రంగు. ఆటోలో సర్కారు దవాఖానకు తీసుకుపోయారు.

డాక్టరమ్మ చిన్న పిల్ల. హిందీలో, దాచుకోకుండా చెప్పింది. కడుపుతో ఉన్నవాళ్లకు ఈ కామెర్లు వస్తే ప్రాణం మీదికి వస్తుంది, తల్లి సంగతీ చెప్పలేను, బిడ్డ సంగతీ చెప్పలేను అంది. మీ పాడా నుంచి ఈ వారంలో ఏడో మనిషి ఈమె, తాగే నీళ్లలో ఎక్కడో సండాసు నీళ్లు కలుస్తున్నాయి అంది.

కనకవ్వకు ఎక్కడ లేని రోషం వచ్చింది. "మేం బాయి నీళ్లు తాగుతలేమమ్మా. మాది నల్లా. కమిటీ నీళ్లు. పాల లెక్క తెల్లగుంటయ్," అని వచ్చిన హిందీలో వాదించింది. డాక్టరమ్మ విసుగ్గా చూసి, ముందు నీళ్లు కాచి తాగండి అని పక్క మంచం దగ్గరికి పోయింది.

వార్డు బయట బల్ల మీద రెండు రోజులు కూర్చున్నాక కనకవ్వకు ఒక ఆలోచన వచ్చింది. పద్నాలుగు ఖోలీల్లో పదమూడింట్లో ఎవరో ఒకరు పడ్డారు. పడని ఇల్లు ఒక్కటే. ఆగమ్మది. ఆమె మనవరాళ్లిద్దరూ దవాఖానకు బయలుదేరిన రోజు కూడా గల్లీలో తొక్కుడుబిళ్ల ఆడుతూ కనపడ్డారు.

ఉసురు! ఖాళీ హండాతో వచ్చిన ముసలిదాన్ని ఉత్త చేతులతో తిప్పి పంపింది తను. నీళ్లు అడిగితే లేదన్న ఇంటికి ఉసురు తగలక ఏమవుతుంది? మందులు ఎన్ని పోసినా ఉసురు దిగదు. పెట్టిన మనిషే తియ్యాలి. డాక్టరమ్మ మాట ఒక్కటీ చెవికెక్కని కనకవ్వకు ఈ మాట మాత్రం గుండెలో దిగింది.

మర్నాడు తెల్లవారగానే, కామత్‌ఘర్‌లో ఉండే అనురాధ అక్కను మంచం దగ్గర కూర్చోబెట్టి పాడాకు వచ్చింది. గల్లీలో అడుగు పెట్టగానే ఏదో వెలితిగా అనిపించింది. మోత లేదు. శుక్రవారం. మగ్గాలకు వారానికొక రోజు కరెంటు సెలవు, ఆ రోజు పాడాలో బల్బు కూడా వెలగదు. నేరుగా గల్లీ చివరికి నడిచి, ఆగమ్మ గడప దాటి, ఆమె రెండు కాళ్లూ పట్టుకుంది.

ఆగమ్మ ఉలిక్కిపడి కాళ్లు లాక్కుంది. "ఏందే ఇది! అందితె జుట్టు, అందకపోతె కాళ్లా కనకవ్వా?"

"నీ ఉసురు తీస్కో వదినె. తప్పు నాది. నన్ను తిట్టు, కొట్టు. ఆ పిల్లను ఇడిచిపెట్టు."

ఆగమ్మకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థం అయ్యాక ఆమె కళ్లు ఎర్రబడ్డాయి. "నేను ఉసురు పెట్టిన్నా? నీ కొడుకును ఈ కాళ్ల మీదనే పండవెట్టుకొని నీళ్లు పోసిన. గా ఇంటికి ఉసురు పెడ్తనా? నీ మీద కోపమున్నది, లేదంటలేను. కోపమొస్తె మాట్లాడుడు బంద్ పెట్టిన. గంతె. లే, పైకి లే. ఇన్ని నీళ్లు తాగు."

చెంబు చేతికిచ్చింది. కనకవ్వ నీళ్లు తాగింది. సగం తాగి ఆగిపోయింది. నీళ్లకు ఏ వాసనా లేదు. తమ ఇంట్లో నీళ్లకు కొన్నాళ్లుగా తడిసిన దూది వాసన వస్తోంది. కొత్త పైపు వాసన అనుకున్నారు. అడుగున దూది పోగులు కూడా తేలేవి. మగ్గాల గల్లీలో దూది ఎక్కడ లేదు? అన్నంలో ఉంటుంది, జుట్టులో ఉంటుంది, పరుపు మీద ఉంటుంది. నీళ్లలో దూది కనపడితే ఇంకో ఊరివాళ్లు అనుమానపడతారేమో గానీ, ఇక్కడివాళ్లు వేలితో తీసేసి తాగుతారు.

"ఈ నీళ్లు యాడియి వదినె?"

"యాడియేంది? నల్లాయె," అంది ఆగమ్మ. మూలకు చూపించింది. అక్కడ ఆమె నల్లా కింద హండా నిండుతోంది. ధార సన్నగానే ఉంది, కానీ తెగకుండా పడుతోంది. "శుక్రారం శుక్రారం పట్టుకుంట. కరెంటుండదు గద, మీ మోటర్లు పండుకుంటయ్. అయి పండుకున్నంక నీళ్లు వాటంతట అయే నడిచొస్తయ్. డ్రమ్ము నింపుకొని బట్ట కట్టి మూత పెడ్త. వారం దాక అయే మాకు."

కనకవ్వ చెంబు కింద పెట్టింది. ఆ నల్లా వైపే చూస్తూ నిలబడింది. ఒకే గొట్టం, ఒకే ట్యాంకు. శుక్రవారం నీళ్లు తాగిన ఇంట్లో కామెర్లు లేవు. మోటరు నీళ్లు తాగిన ఇళ్లన్నీ పడ్డాయి. మోటరు ఏం చేస్తుంది? పీలుస్తుంది.

ఆ మాట దగ్గర ఆమెకు చనిపోయిన తన మొగుడు ఆగయ్య గుర్తొచ్చాడు. ఆగయ్య ముప్పై ఏళ్లు మగ్గం నడిపాడు. కండె మార్చినప్పుడల్లా, పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడెకు ఉన్న చిన్న కంతకు నోరు ఆనించి గట్టిగా పీల్చేవాడు. లోపలి పోగు కంతలోంచి బయటికి వచ్చేది. మగ్గం పని చేసేవాళ్లంతా అట్లాగే చేస్తారు. రోజుకు వందసార్లు. పోగు ఒక్కటే వస్తుందా? దాంతో పాటు దుమ్ము, దూది నోట్లోకి వస్తాయి. ఇంటికి వచ్చి ఆగయ్య ఊసిన ఉమ్మిలో రంగు రంగుల దూది ఉండేది. చివరి రోజుల్లో దగ్గుతూ, "పోగు కోసం పీలిస్తి, దూదంత లోపలికి పోయె" అనేవాడు.

కనకవ్వ చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తింది. సెలవు కదా అని పడుకున్న కొడుకును లేపి గట్టర్ దగ్గరికి లాక్కుపోయింది. పంచాయతీ పైపు సండాసుల వెనక నుంచి గట్టర్ అడుగునే గల్లీలోకి వస్తుంది. తవ్వకం తప్పుతుందని కంట్రాక్టరు దగ్గరి దారి చూసుకున్నాడు. దూది తేలుతున్న నల్లటి నీళ్లలో ఒకచోట అరచేతి వెడల్పున తెల్లగా ఉంది. కింద నుంచి మంచినీళ్లు బుడబుడమని ఉబుకుతున్నాయి.

"అతుకు లీకున్నదవ్వా," అన్నాడు అంకుశం. "మంచినీళ్లు బైటికి పోతున్నయ్ గంతె. బైట నీళ్లు లోపలికి ఎట్ల వస్తయ్?"

"మోటర్లు లేవు గావట్టి బైటికి పోతున్నయ్ రా. మోటర్లు పీలిస్తె? మీ నాయిన నాడె ఎట్ల పీల్చెటోడో యాదికున్నదా? పోగొక్కటే వచ్చేదా?"

అంకుశం వంగి ఆ తెల్లటి మచ్చను మళ్లీ చూశాడు. మిస్త్రీ కదా, తల్లి చెప్పింది లోపల ఎక్కడో అతుక్కుంది. కానీ పదమూడు ఇళ్లకు తన చేతులతో బిగించిన పని తప్పని ఒప్పుకోవడం అంత తేలికా? "రేపు పొద్దున చూద్దాం," అన్నాడు.

శనివారం పొద్దున ఆరింటికి గట్టర్ చుట్టూ గల్లీ అంతా నిలబడింది. నర్సింగం నవ్వాడు కూడా, "కనకవ్వ గట్టర్‌ల తీర్థం పెట్టింది" అని. ట్యాంకు నీళ్లు వదిలారు. నల్లటి నీళ్లలో తెల్లటి మచ్చ లేచింది. అంకుశం కార్ఖానా నుంచి తెచ్చిన ఎర్ర నూలు పోగుల కుచ్చును ఆ మచ్చ మీద వదిలాడు. పోగులు పైకి తేలి అటూ ఇటూ ఊగాయి. "ఇగ ఎయ్యుండ్రి," అని కనకవ్వ అరిచింది. ఖోలీల్లో ఒక్కొక్క మోటరే గుర్రుమంది.

తెల్లటి మచ్చ మాయమైంది. నల్లటి నీళ్లు అక్కడ చిన్న సుడి తిరిగాయి. ఎర్ర పోగులు ఒక్కసారి నిటారుగా నిలబడి, తలలు వంచుకుని, అతుకు సందులోకి జరజరమని పోయాయి. అంకుశం గబుక్కున వంగి కొసలు పట్టుకున్నాడు. లాగితే రాలేదు. లోపలి నుంచి ఎవరో పట్టుకుని గుంజుతున్నట్టుంది. మగ్గం మీద పుట్టి పెరిగిన ఆ మనుషులకు ఇంకొకరు విడమరచి చెప్పాల్సింది ఏమీ లేకపోయింది. నర్సింగం భార్య ఓదెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అక్కడే గట్టర్ పక్కన వాంతి చేసుకుంది.

అంకుశం గట్టర్ నీళ్లలో మోకాళ్ల మీద అట్లాగే ఉండిపోయాడు. "నేనే తాగిపిచ్చిననవ్వా దానికి," అన్నాడు. "నా చేతులతోటి."

"చెప్పింది నేను, చేసింది నువ్వు. ఇద్దరిదీ పాపమే. ఏడ్వకు, పానా తీస్కరా," అంది కనకవ్వ.

ముందు తన ఇంటి మోటరే విప్పాడు. తర్వాత వరసగా పక్కవి. నర్సింగం మాత్రం గడపకు అడ్డం నిలబడ్డాడు. "మోటరు తీస్తె నీళ్లు రావు. మల్ల బాయికి పొమ్మంటవా?"

"పోదాం. నేనే పోత ముందుగాల, నీకు సుత తెచ్చిస్త," అంది కనకవ్వ. "నీ పోరడు లేస్తున్నడిప్పుడిప్పుడే. మల్ల పండవెడ్తనంటె నీ ఇష్టం." నర్సింగం పక్కకు జరిగాడు.

పదమూడు మోటర్లు విప్పినా తెలుగు గల్లీకి నీళ్లు రాలేదు. ఎందుకు వస్తాయి? గల్లీ మొగదల రాజమౌళి సేటు బంగ్లా ఉంది. అక్కడ అన్నిటికన్నా పెద్ద మోటరుంది. అది అంకుశం బిగించింది కాదు, సేటు కంపెనీది కొని పెట్టించాడు. ఎవరికి వారే యమునా తీరే అని ఊరుకుంటే ఇంత చేసీ లాభం లేదు. సేటుతో మాట్లాడమంటే అంకుశం నీళ్లు నమిలాడు. నౌకరీ ఇచ్చిన ఇల్లది. కనకవ్వే పోయింది.

సేటు భార్య యమునాబాయే పూజ చేసుకుని లేచి వచ్చింది. మంచి మనిషే. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్లను గ్రామసభకు తీసుకుపోయి, నీళ్లు కావాలని చేతులెత్తించింది ఆమే. మోటరు సంగతి విని ముఖం చిన్నబుచ్చుకుంది. "మా మోటరుతోని ఏమైతది కనకవ్వా? మాది గట్టర్‌కు ముందే ఉన్నది. మా నీళ్లు సాఫ్‌గనే ఉన్నయ్."

"మీయి సాఫ్‌గనే ఉంటయమ్మా. మీరు గుంజితె ఎనుక మా పైపుల గట్టర్ జొరుతది. నా కోడలు దవాఖానల ఉన్నది. డాక్టరమ్మ ఏం చెప్పలేనన్నది." కనకవ్వ యమునాబాయి చెయ్యి పట్టుకుంది. "ఆనాడు నా చెయ్యి పట్టుకొని నల్లా తిప్పిపిచ్చినవ్. ఇయ్యాల నీ చెయ్యి నేను పట్టిన. నడువు."

ఎప్పుడూ అట్లా సేటు భార్య చెయ్యి పట్టుకున్న కూలి మనిషి లేదు. యమునాబాయి విడిపించుకోలేదు. మెట్ల కింద మోటరు దాకా నడిచి స్విచ్చు తనే ఆపింది. మొగుడు సాయంత్రం ఏమంటాడో అని భయపడుతూనే ఆపింది. ఆపి, పంచాయతీ ఆఫీసుకు బయలుదేరింది.

పైపు గట్టర్ లోంచి లేవడానికి పన్నెండు రోజులు పట్టింది. పంచాయతీ వాళ్లు రేపు మాపు అంటుంటే, యమునాబాయి రోజూ పోయి ఆఫీసు బల్ల మీద కూర్చుంది. చివరికి అంకుశం, నర్సింగం, ఇంకా నలుగురు గోడ వెంట ఇనుప కొక్కేలు కొట్టి పైపును మోకాలెత్తున పైకి ఎక్కించారు. అదివరకు ఛాయ్ తాగి పొమ్మన్న గడపల్లో కొన్ని అంకుశాన్ని చూసి ముఖం తిప్పుకున్నాయి. అతను తలవంచుకుని కొక్కేలు కొట్టాడు. నల్లాకు మోటరు తగిలిస్తే కనెక్షన్ కోస్తామని కమిటీ తీర్మానం చేసింది. సండాసుల హౌజు ఎత్తిపోయించారు.

ఆ పన్నెండు రోజులూ కనకవ్వ రోజూ పొద్దున ఆగమ్మ గడపకు పోయేది. ఆగమ్మ డ్రమ్ము బట్ట విప్పి, శుక్రవారం నీళ్లు ముంచి, కాచి చల్లార్చి స్టీలు క్యాన్‌లో పోసేది. తన మనవరాళ్లకు తగ్గించి మరీ పోసేది. కనకవ్వ ఆ క్యాను ఒళ్లో పెట్టుకుని ఆటోలో దవాఖానకు పోయేది. మూడు రోజులు అనురాధ కళ్లు తెరవలేదు. పిలిస్తే పలకలేదు. కనకవ్వ తడిగుడ్డతో ఆమె పెదవులు తుడుస్తూ, లోకంలో ఉన్న దేవుళ్లందరినీ పేరు పేరునా తిట్టింది, మళ్లీ పేరు పేరునా మొక్కింది. నాలుగో రోజు అనురాధ కళ్లు తెరిచి "నీళ్లు" అంది. ఎనిమిదో నెల నిండకముందే కాన్పు అయింది. ఆడపిల్ల. గుప్పెడంత ఉంది. ఏడవడానికి కూడా బలం లేదు, పిల్లికూనలా మూలిగింది. డాక్టరమ్మ రోజూ వచ్చి చూసి, పుట్టిన పదహారో రోజున, ఇంక తీసుకుపోవచ్చు అని మొదటిసారి నవ్వింది.

బిడ్డ ఇంటికి వచ్చిన మర్నాడు మంగళవారం. పొద్దున ఆరు దాటింది. చుట్టూ కార్ఖానాల్లో మగ్గాలు దడదడలాడుతున్నాయి. ఆగమ్మ తన గడపలో పీట వేసుకుని, చీర మోకాళ్ల దాకా లాక్కుని కాళ్లు చాచుకుంది. కనకవ్వ బిడ్డను బట్ట విప్పి ఆ కాళ్ల మీద బోర్లా పండబెట్టింది. ఆగమ్మ కాళ్లు పొడుగు, బిడ్డ ఆ మోకాళ్ల కిందికి కూడా రాలేదు.

"నీళ్లు కాగవెట్టాలె. డ్రమ్ముల శుక్రారం నీళ్లు ఉన్నయా వదినె?" అంది కనకవ్వ.

"లెవ్వు. డ్రమ్ము కడిగి బోర్లేసిన."

"అయ్యో! మరెట్ల? మంగళారం గద ఇయ్యాల."

ఆగమ్మ తల ఎత్తలేదు. బిడ్డ వీపు మీద నూనె వేసి బొటనవేలితో మెల్లగా రాస్తోంది. "ఆ మూలకు చూడు," అంది.

కనకవ్వ చూసింది. కరెంటు ఉంది, మగ్గాలు నడుస్తున్నాయి, గల్లీలో పదమూడు ఇళ్లూ నీళ్లు పట్టుకుంటున్నాయి. చివరి ఇంట్లో ఆగమ్మ నల్లా కింద హండా నిండి, అంచు మీదుగా నీళ్లు కారుతున్నాయి. కనకవ్వ ఆ హండా ఎత్తుకొచ్చి పొయ్యి మీద పెట్టింది, ఖాళీ హండా తెచ్చి నల్లా కింద పెట్టింది. అప్పుడిక ఆపుకోలేక, ఆ నల్లా పక్కనే కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకోకుండానే ఏడ్చింది.